నల్లకాగితం చప్పుడు

మీరు ఫోను పైకెత్తి ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతారు. పెళ్ళి మండపమైనా, కొండ అయినా ఒక్క పొడుగాటి ఫోటోలో వచ్చి కూర్చుంటుంది. నచ్చకపోతే చెరిపేసి ఇంకోసారి తిప్పుతారు. అదృష్టవంతులు. ఉద్యోగంలో ఉండగా ఆ పని చేయడానికి నేను రెండు నెలలు తంటాలు పడ్డాను. ఫోటో బాగానే వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. అందులో పదకొండు మంది మాత్రం లేరు. అడిగినవాళ్ళకు ఫిల్ము పాతదనీ, చివర చెడిపోయిందనీ చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, నిజం చెప్పినా పీకేయడానికి ఉద్యోగం లేదు కాబట్టి చెబుతున్నాను.

ఇది రాయడానికి కారణం ఒక అమ్మాయి. బెంగళూరులో ఏదో కంప్యూటరు ఉద్యోగం, ఆదివారాలు పాత ఫిల్ము కెమెరాలతో తిరగడం సరదా. కోలారులో మా ఇంట్లో అట్లాంటి కెమెరా ఉందని ఎవరి దగ్గరో విని వచ్చింది. ఇద్దరం మేడ మీద దాన్ని నిలబెట్టి, ఆమె తెచ్చిన చిన్న ఫిల్ము ముక్క ఎక్కించి తిప్పి చూశాం. ముక్క అయిపోగానే లోపల గరగరమని చప్పుడైంది. "అంకుల్, అదేం చప్పుడు? ఏమన్నా విరిగిందా?" అని అడిగింది. విరగలేదమ్మా, ఫిల్ము అయిపోయి దాని కొసకు అతికించిన నల్లకాగితం తిరుగుతోంది అన్నాను. అని, కాఫీ వంకతో కిందికి దిగిపోయాను. ఆ చప్పుడు విని ఇరవై ఏళ్ళు దాటింది.

నేను కోలారు బంగారు గనుల్లో ఫోటోగ్రాఫరుగా చేశాను. గనిలోకి దిగే ఏ షాఫ్టో, ఆఫీసరు ఎవరో చెప్పను. నక్షాలు గీసే ఆఫీసు పక్కన ఒక చీకటి గది, అందులో నేను. పని మనుషుల కార్డులకు ముఖాలు తీయడం, విరిగిన యంత్రం తీయడం, భూమి లోపల కప్పు కూలితే వెళ్ళి తీసి రావడం, ఆఫీసర్ల మెడల్లో దండలు తీయడం. ఈ చివరిదే ఎక్కువ.

గని మూసేస్తారని ఖాయమయ్యాక స్టోరు ఖాళీ చేశారు. ఒక రోజు స్టోరు కీపరు నన్ను పిలిచి, దుమ్ము పట్టిన చెక్కపెట్టె ఒకటి కాలితో నా వైపు తోశాడు. "చూడప్పా, ఇది నీ జాతి సామానే అనుకొంటా. నీకొద్దంటే పాత ఇనుముకి వేసేస్తాను" అన్నాడు. తెరిస్తే దొరల కాలం కెమెరా. ఇత్తడి పళ్ళ చక్రం, స్ప్రింగు బిగించే తాళం చెవి, మడతలు పడ్డ తోలు. తాళం తిప్పి వదిలితే స్టాండు మీద కెమెరా తనంతట తాను ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. తిరుగుతున్నంత సేపూ లోపల వెడల్పాటి ఫిల్ము సన్నటి చీలిక ముందు నుంచి సాగుతుంది. మనుషులు విల్లులాగా వంపు తిరిగి నిలబడాలి, అందరూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. అప్పుడే ఫోటోలో వరస తిన్నగా వస్తుంది. పాత ఆఫీసు గోడల మీద ఉండే మూడడుగుల ఫోటోలన్నీ ఇట్లా తీసినవే.

నాకు పిచ్చెక్కింది. గని మూతపడే ముందు మా షాఫ్టు మనుషులందరినీ దీంతో ఒక్క ఫోటో తీయాలి అనుకున్నాను. ఆఫీసరుకు చెబితే ఆయనకూ నచ్చింది. ఆయన బయటి ఊరి మనిషి, అచ్చుపుస్తకంలా మాట్లాడేవాడు. "మంచి ఆలోచనయ్యా. మధ్యలో కుర్చీలు వేయించు" అన్నాడు.

ఆ వెడల్పు ఫిల్ము బజారులో లేదు. సర్వే వాళ్ళ దగ్గర, విమానం నుంచి నేలను ఫోటో తీసే ఫిల్ము పాత చుట్ట ఒకటి మిగిలి ఉంటే బతిమాలి తెచ్చుకున్నాను. చీకటి గదిలో తడుముకుంటూ, కెమెరాకు సరిపడా వెడల్పు కత్తిరించాను. చేతివేళ్ళు రెండు కోసుకున్నాను. కొసకు వెలుతురు తగలకుండా నల్లకాగితం అతికించాను. ఉన్నది అదొక్కటే. అది అయిపోతే ఇంక లేదు.

మొదట తీసిన ముక్కల నిండా నిలువు చారలు. చక్రం పళ్ళలో పాత గ్రీసు గడ్డకట్టి, కెమెరా తిరుగుతూ తిరుగుతూ ఎగిరిపడుతోంది. కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె వేస్తే చారలు పోయాయి. తర్వాత వెలుతురు లెక్క కుదరలేదు. పాత ఫిల్ము మరి, దానికి ఎంత ఎండ కావాలో రాసిపెట్టినవాడు ఎవడూ లేడు. చిన్న చిన్న ముక్కలు ఎక్కించి, ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, తీసి, కడిగి, చూసి పారేసేవాణ్ణి.

ఎదురుగా నిలబడిన ఆ మనిషి ఒక కాంట్రాక్టు కూలి. టేకల్ దగ్గరి పల్లె, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఊళ్ళో రాగి చేను, రెండు ఆవులు. ఇక్కడ పట్టాల మీద రాళ్ళ ట్రక్కులు తోసే పని. కంపెనీ మనుషులకు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది, లోపలికి దిగేటప్పుడు అది ఇచ్చి దిగాలి. కాంట్రాక్టు వాళ్ళకు బిళ్ళ లేదు, పుస్తకంలో పేరు లేదు. కాంట్రాక్టరు లెక్కపెట్టుకుని దింపేవాడు, లెక్కపెట్టుకుని ఎక్కించేవాడు. అంతే.

అన్నా అని పిలిచేవాణ్ణి. పని దిగి భోజనం కాగానే వచ్చి, ఎండలో సున్నపు గీత మీద కదలకుండా నిలబడేవాడు. నేను విసుక్కున్నా ఏమీ అనేవాడు కాదు. కెమెరా చప్పుడు నాకంటే ఆయనకే బాగా తెలిసిపోయింది. ఫిల్ము సాగుతుంటే ఒకే తీరున గుర్రుమని ఉంటుంది. అయిపోగానే నల్లకాగితం పడి గరగరమంటుంది. నేను తాళం చెవి మీద ధ్యాసలో ఉంటే దూరం నుంచే అరిచేవాడు. "కాగితం వచ్చెప్పా! నిలిపేయి! సుమ్మనే తిప్పితే చక్రం అరిగిపోతాది."

ఒక రోజు నీడలో కూర్చుని బీడీ చేతుల మధ్య దొర్లిస్తూ అడిగాడు. "ఇన్ని దినాలు నీకోసరం నిలబడినాను కదా. నాకు ఒగటి చేస్తావా?"

"చెప్పన్నా."

"మేము కాంట్రాక్టోళ్ళము పదకొండు మంది ఉండాము. ఆ పెద్ద ఫోటోలో మమ్మల్ని గూడా నిలబెట్టల్ల. యాడన్నా సరే, చివర్నైనా సరే. మాకు బిళ్ళ లేదు, చీటీ లేదు. రేపు పొద్దున ఈడ పని చేసినాము అంటే ఎవురు నమ్ముతారు?"

"అదెంత పని అన్నా? నేను చూసుకుంటాను" అన్నాను. ఆఫీసరును అడిగితే ముఖం చిట్లించి, సరే, కుడి చివర నిలబెట్టు అన్నాడు. నాకెంత గర్వమో! ఒక మేలు చేశానని రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ వారమే చేయకూడని పని చేశాను. అన్ని లెక్కలూ కుదిరాయి, చుట్టలో ఎంత ఫిల్ము ఉందో, ఎంత వంపు పడుతుందో, ఆ వంపు గీసే తాడు ఎంత పొడుగు ఉండాలో కాగితం మీద వేసుకున్నాను. ఆదివారం సాయంత్రం సైనైడ్ గుట్టల మీద ఎండ పడుతోంది. బంగారం తీసేశాక మిగిలిన మట్టి అది, తెల్లగా మడతలు మడతలుగా మైళ్ళ పొడుగునా ఉంటుంది. ఆ ఎండలో అది చూసి మనసు ఆగలేదు. కెమెరా మోసుకెళ్ళి గుట్ట మొత్తం ఒక్క పట్టున తీశాను. ముక్క కాదు, నిండు ఫోటో. అద్భుతంగా వచ్చింది. ఇప్పటికీ మా హాల్లో గోడ మీద ఉంది, వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఆహా అంటారు. తాడు లెక్క మాత్రం నిండు చుట్టకు వేసిందే. దాన్ని సవరించాలని నాకు తట్టనే లేదు. నా ఒళ్ళు కొవ్వు అనాలి దాన్ని.

ఫోటో రోజు పొద్దున్నే ఆ లెక్క ప్రకారమే, స్టాండు దగ్గర తాడు కట్టి, మైదానంలో సున్నంతో వంపు గీశాం. తాడు రెండో కొస పట్టుకుని గీసింది అన్నే. మనుషులు ఒక్కొక్కరే వచ్చి గీత మీద సర్దుకుంటున్నారు. మధ్యలో ఆఫీసర్లకు కుర్చీలు. వాళ్ళకు అటూ ఇటూ సర్వీసు ప్రకారం పాతవాళ్ళు, తర్వాత కొత్తవాళ్ళు. కుడి చివర పదకొండు మంది. నేను చీకటి గదికి వెళ్ళి ఫిల్ము ఎక్కిస్తూ, మూరలతో కొలిచాను. రెండు మూరలు తక్కువ వచ్చింది. మళ్ళీ కొలిచాను. తక్కువే. గుట్ట గుర్తొచ్చింది.

దారి లేకపోలేదు. మీకు అది తెలియాలి. కెమెరాను పది అడుగులు వెనక్కి జరిపి, తాడు పొడుగు చేసి, వంపు మళ్ళీ గీస్తే అందరూ ఆ ఫిల్ములోనే పట్టేవాళ్ళు. ముఖాలు కొంచెం చిన్నవి అయ్యేవి, అంతే. పావుగంట పని.

ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను. ఆయన వాచీ చూసుకున్నాడు.

"ఎంతమంది పడరు?"

"కుడి చివర పది, పన్నెండు మంది పడరు సార్. పావుగంట ఇస్తే మళ్ళీ గీసి..."

"ఇంతమందిని లేపి మళ్ళీ నిలబెడతావా? చివర ఉన్నది కాంట్రాక్టు వాళ్ళే కదయ్యా. నువ్వు తిప్పేయ్. కెమెరా వాళ్ళ వైపు కూడా తిరుగుతుంది. వాళ్ళకేం తెలుస్తుంది?"

నేను కాదనలేదు. నా తప్పు ఎలా జరిగిందో ఆయన అడగనందుకు లోలోపల సంతోషించాను కూడా. అడిగితే గుట్ట సంగతి చెప్పాల్సి వచ్చేది. "సరే సార్" అని వచ్చేశాను.

ఎవరూ కదలొద్దు, కెమెరా మీ వైపు వచ్చేదాకా, వచ్చి పోయేదాకా ఊపిరి కూడా మెల్లగా తీసుకోండి అని గట్టిగా చెప్పాను. మైదానమంతా సద్దు అణిగింది. తాళం వదిలాను. ఎడమ వరస దాటింది, కుర్చీలు దాటాయి, కుడి వైపు పాతవాళ్ళు దాటారు, కొత్తవాళ్ళు దాటారు. గుర్రుమనే చప్పుడు తెగి గరగర మొదలైంది.

అప్పటికి కెమెరా పదకొండు మంది వైపు తిరుగుతోంది. వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలతో, తడి జుట్టు దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డారు. ఒకడు కొత్త తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పది మంది కెమెరా అద్దంలోకే చూస్తున్నారు. అన్న మాత్రం చప్పుడు మారగానే అద్దం వదిలి నా ముఖం చూశాడు. అరుస్తాడు అనుకున్నాను. కాగితం వచ్చెప్పా, నిలిపేయి అంటాడని ఎదురుచూశాను. అరవలేదు. మళ్ళీ అద్దంలోకి చూసి, కెమెరా ఆగేదాకా అట్లాగే కదలకుండా నిలబడ్డాడు.

ఫోటో అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తాడు చుట్టి, సున్నం డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి, "వస్తానప్పా" అని వెళ్ళిపోయాడు. ఫిల్ము అయిపోయిందని ఆయనకు తెలియలేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఎట్లా తెలియదు? ఆ చప్పుడు నాకు నేర్పిందే ఆయన.

గని మూతపడింది. కొన్ని నెలలకు ఒక మాట వచ్చింది. భూమి లోపల పని చేసి ఛాతీలో రాతి దుమ్ము చేరినవాళ్ళకు మందులకు, పరీక్షలకు కార్డులు ఇస్తారట. దానికి ఆఫీసు నుంచి కాగితం కావాలి. బిళ్ళ ఉన్నవాళ్ళకు సులభంగానే వచ్చింది. కాంట్రాక్టరు అప్పటికే పత్తా లేడు. పదకొండు మందీ కలిసి ఆఫీసుకు వచ్చారు. సగం మందికి అప్పటికే దగ్గు పట్టింది. ఆ రోజు నా రిలీవింగు కాగితాల సంతకం కోసం నేనూ ఆఫీసరు గదిలో ఉన్నాను. నా కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆయన వెనక గోడ మీద మా ఫోటో, ఫ్రేము కట్టి.

"మేము ఈడ పని చేసినాము సార్. మీకు గూడా తెలుసు. ఒగ కాగితం రాసియ్యండి" అన్నాడు అన్న.

ఆఫీసరు కుర్చీ వెనక్కి తిప్పి ఫోటో చూపించాడు. "ఇక్కడ పనిచేసిన అందరినీ ఆ రోజు ఫోటో తీశాం. మీరు ఎక్కడున్నారో చూపించండి, రాసిస్తాను."

పదకొండు మందీ గోడ దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు ఆ ఫోటోను చూడడం అదే మొదలు. ఎడమ నుంచి వేలు పెట్టి వెతుక్కుంటూ వచ్చారు. చివర కంపెనీ మనిషి ఒకడు, వాడి పక్కన ఒక భుజం మీద తువ్వాలు అంచు. అంతే, అక్కడితో ఫోటో అయిపోయింది. "ఇది నా టవలు సార్!" అన్నాడు ఒకడు. ఆఫీసరు నవ్వాడు. నవ్వి, నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఆ రోజు నిలబడ్డవాళ్ళందరినీ తీశావు కదా?"

అన్న నన్నే చూస్తున్నాడు. ఆయనొక్కడే అట్లా చూస్తున్నాడు. మిగతావాళ్ళు ఇంకా ఫోటోలోనే వెతుక్కుంటున్నారు.

"తీశాను సార్" అన్నాను.

రెండు మాటలు. నా కాగితాల మీద సంతకం పడింది. ముంచింది ఆఫీసరే, నేను ఆయన మాట విన్నానంతే అని చెప్పుకోవచ్చు, చాలా ఏళ్ళు అట్లాగే చెప్పుకున్నాను. కానీ ఆ పదకొండు మందిని నేనే ముంచాను. ఎండలో నిలబెట్టి తీసిన పరీక్ష ముక్కల్లో ఒక్కటి దాచి ఉన్నా అన్నకైనా కార్డు వచ్చేది. అవీ చూసి పారేశాను. గుట్ట ఫోటో మాత్రం దాచుకున్నాను.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పేశాను. కాఫీ తాగుతూ విన్నది. తిట్టలేదు. "ఆయన ఇప్పుడెక్కడ ఉంటారంకుల్?" అని అడిగింది. తర్వాతి ఆదివారం ఎక్కడో విదేశం నుంచి తెప్పించిన నిండు ఫిల్ముతో, కారుతో వచ్చింది. కెమెరాలో ఎక్కించి టేకల్ వైపు వెళ్ళాం. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు.

కొట్టం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఒకసారి దగ్గి, ఆయాసం తీర్చుకుని చూశాడు.

"ఎవురప్పా?"

"నేనన్నా. ఫోటో తీసేవాణ్ణి."

నా ముఖం కంటే ముందు అమ్మాయి దించుతున్న పెట్టెను గుర్తుపట్టాడు. "ఇంగా ఉండాదా అది? పాత ఇనుముకి పోయుంటాది అనుకొన్నా."

నిలబడే చెప్పాను. గుట్ట సంగతి చెప్పాను. ఫిల్ము తక్కువ వచ్చిన సంగతి, పావుగంట సంగతి, అన్నీ. ఆయన ఆవుల వైపు చూస్తూ విన్నాడు.

"ఫిల్ము అయిపోయింది నాకు తెలుసు కదప్పా. నల్లకాగితం చప్పుడు విన్నాను."

"మరి అరవలేదేం అన్నా?"

"పక్కన పది మంది ఉండారే. కొత్త చొక్కాలు ఏసుకొని వచ్చినారు. కెమెరా మా పక్క తిరిగినప్పుడు వాళ్ళ మొగాలు చూసుంటే నువ్వు గూడా అరిచేవాడివి కాదు." దగ్గాడు. "దానికి నేను ఏమీ అనుకోలేదు. పొరపాటు ఎవురికైనా అవుతాది. ఆపీసులో చెప్తావులే అనుకొన్నా. తీశాను సార్ అన్నావు చూడు, అది మాత్రం..." అని చేయి విదిల్చాడు.

ఆయన భార్య రెండు గ్లాసుల్లో పాలు తెచ్చి పెట్టింది. వద్దన్నా వినలేదు. అమ్మాయి తాగింది, నేను గ్లాసు పక్కన పెట్టాను.

"ఈ తూరి ఫిల్ము నిండుగా ఉందన్నా. ఒక్కసారి నిలబడు. మేము తీసుకెళ్ళి కడిగి, పెద్దది చేసి తెచ్చిస్తాం" అన్నాను.

ఆయన పెట్టె వైపు చూశాడు, ఇత్తడి చక్రం మీద చేయి వేసి నిమిరాడు. "నూనె బాగా పెట్టినావు" అన్నాడు. తర్వాత చేయి తీసేసుకున్నాడు.

"నన్ను ఒగన్ని తీసేదానికి ఇంత పెద్ద కెమెరా ఎందుకప్పా? తక్కిన పది మందినీ పిలుచుకొని రా. వాళ్ళు వచ్చి నిలబడితే నేనూ చివర్న నిలబడతాను."

"వాళ్ళు ఎక్కడున్నారన్నా?"

"యాడుంటారు? దగ్గి దగ్గి పోయినారు. నేను పైన ట్రక్కులు తోసిన దినాలు ఎక్కువ, అందుకే మిగిలినాను. తువ్వాలు వాడు అందరికంటే ముందు పోయినాడు."

పెట్టె మళ్ళీ కారులో పెట్టాం. ఆయన లేచి వీధి దాకా వచ్చి, అమ్మాయికి నాలుగు మామిడికాయలు ఇచ్చి పంపించాడు.

ఆ ఫిల్ము ఇంకా కెమెరాలోనే ఉంది. మొన్న అమ్మాయి ఫోను చేసింది. "ఊరికే పాడైపోతుంది అంకుల్, ఎంత కష్టపడి తెప్పించాను! మనుషులు వద్దంటే పోనీ, ఆ సైనైడ్ గుట్ట అయినా తీద్దాం రండి" అంది.

గుట్ట నేను ఇదివరకే తీశానమ్మా అన్నాను.